వోర్‌హోల్మెన్ గూళ్ల లెక్క

ఫిబ్రవరి 6, సోమవారం

భోజనం దగ్గర చెప్పుకోవడానికి మనిషి లేడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వచ్చే పద్నాలుగుకి మా ఆయన ఐవిన్ పోయి నాలుగు నెలలు.

ఇవాళ నేను పనిచేసే లైబ్రరీకి ఒక అమ్మాయి వచ్చింది. పేరు రన్వా, ఫారో దీవుల పిల్ల. మా యూనివర్సిటీలో పరిశోధన మూడో ఏడు, సెప్టెంబరుతో గడువు అయిపోతుంది. తడిసిన కోటు విప్పకుండానే నా బల్ల ముందు కూర్చుంది.

"పుస్తకాలు వద్దండీ. నాకు లెక్కలు కావాలి" అంది.

క్రిక్యె పక్షుల మీద ఆమె పని. కొండ అంచుల్లో గూళ్లు కట్టుకునే ఆ చిన్న సముద్రపు కాకులు ఈ నార్వే తీరమంతటా తగ్గిపోతున్నాయి. పెద్ద కొండల మీద ప్రభుత్వం వాళ్లే లెక్కపెడతారు, ఆ లెక్కలు ఆమె దగ్గర ఉన్నాయి. చిన్న దీవుల్లో ఏం జరిగిందో ఎవరి దగ్గరా లేదట. మామూలు సెర్చ్‌లో రెండు వారాలు కొట్టి, ఏమీ దొరక్క, ఇక లేవనుకుందట. చివరి ప్రయత్నంగా నా దగ్గరికి వచ్చింది. అందరూ చివరి ప్రయత్నంగానే వస్తారు.

ముందు రిపాజిటరీలన్నిటినీ, అంటే పరిశోధకులు తమ లెక్కలు అందరి కోసం దాచిపెట్టే ఆన్‌లైన్ కొట్లన్నిటినీ, నమోదు చేసిన జాబితా తెరిచి, విషయం, దేశం బట్టి ఎలా వడకట్టాలో చూపించాను. వందల్లోంచి పదకొండు మిగిలాయి. పక్షిని నార్వే పేరుతోనో ఇంగ్లీషు పేరుతోనో వెతకవద్దనీ, ఊరికో పేరు ఉంటుంది కాబట్టి లాటిన్ పేరే కొట్టమనీ చెప్పాను. మూడో రిపాజిటరీలోనే స్కాట్లండ్ దీవి ఒకటి తగిలింది. ఎవరో రిటైరైన కాపలాదారు పెట్టిన పంతొమ్మిదేళ్ల లెక్క. రన్వా కుర్చీలో ముందుకు జరిగింది.

"మన తీరంలో ఇలాంటివి ఉండవా?" అని అడిగింది.

వెతుకుదాం అన్నాను.

ఫిబ్రవరి 7

నేను అబద్ధం చెప్పలేదు. ఆమె అడిగింది రిపాజిటరీల గురించి. మా మేడ మీద గదిలో ఉన్నది రిపాజిటరీ కాదు.

ఫిబ్రవరి 15, బుధవారం

రన్వా మళ్లీ వచ్చింది. డేటా దొరకగానే దించేసుకోకుండా, పక్కనున్న రీడ్‌మీ ఫైలు ముందు చదవమని చెప్పాను. ఎవరు లెక్కపెట్టారు, ఏ రోజుల్లో, గూళ్లనా పక్షులనా, వాడుకోవడానికి అనుమతి ఏమిటి. అవి లేని డేటా పేరు అంటించని మందు సీసా. ఆమె బుద్ధిగా రాసుకుంది. స్కాట్లండ్ ముసలాయనకి ఇద్దరం కలిసి మెయిల్ రాశాం. గంటలో జవాబు వచ్చింది, రీడ్‌మీ కంటే పొడుగ్గా. పాపం, ఇన్నేళ్లలో ఆయన్ని అడిగిన మొదటి మనిషి ఈ పిల్లేనట.

తర్వాత రన్వా మ్యాపు పరిచింది. దొరికిన దీవులకు పచ్చ చుక్కలు. మా ఊరి దగ్గర తీరం మాత్రం ఖాళీ. ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇక్కడ ఒకాయన ఉన్నాడు" అంది. మా పక్షి సంఘం వాళ్ల పాత పత్రిక ఎక్కడో దొరికిందట. అందులో ఒకే వాక్యం: వోర్‌హోల్మెన్ దీవిలో ఈ ఏడు 103 గూళ్లు, మళ్లీ పెరిగాయి, లెక్క ఐవిన్ మీర్లాన్.

"అన్ని చోట్లా తగ్గుతుంటే అక్కడ పెరగడమేమిటండీ? అదే నిజమైతే నా థీసిస్ మొత్తం మారిపోతుంది. ఎందుకు పెరిగాయో చెప్పగలిగితే మిగతా దీవులకి కూడా దారి దొరికినట్టే" అంది. తర్వాత, "ఈయన మీకు తెలుసా?" అని అడిగింది.

నా ఇంటిపేరు నాన్నగారిదే. బల్ల మీద రాసి ఉన్నదీ అదే.

పోయారనుకుంటాను, కనుక్కుంటాను అన్నాను.

ఫిబ్రవరి 19, ఆదివారం

ఐవిన్ వద్దన్నాడు. అతని మాట నిలబెట్టడం నా ధర్మం. నేను చేస్తున్నది అంతే.

2004లో పరిశోధకుడొకడు వేసవికి వచ్చి, మా వంటింట్లో కూర్చుని, నేను చేసిన చేపల పులుసు రెండు గిన్నెలు తాగి, పన్నెండేళ్ల లెక్కలు కాపీ చేసుకుపోయాడు. ఏడాదికి వ్యాసం వచ్చింది. ఐవిన్ పేరు ఎక్కడా లేదు. 'స్థానిక సమాచారం' అని ఉంది. బళ్లో జీవశాస్త్రం చెప్పే మాస్టారికి అంతకంటే పేరెందుకు అనుకున్నాడేమో. ఐవిన్ గొడవ చేయలేదు. నోటుబుక్కులన్నీ మేడ మీద గదిలో పెట్టి తలుపు వేశాడు. "కావాలంటే నేను పోయాక తీసుకోండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

పోయాక తీసుకోమన్నాడు కదా అని ఇప్పుడు తోస్తోంది. కానీ అది నవ్వులాటకి అన్న మాట.

ముప్ఫై ఒక్క నోటుబుక్కులు. ఏటా జూన్‌లో, చేపలు పట్టే తన స్నేహితుడు ఓడ్వర్ పడవలో దీవికి వెళ్లేవాడు. తిరిగొచ్చాక చేతులైనా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో నిలబడేవాడు, నేను అడగాలని. ఎన్ని? అని అడిగేదాన్ని. అప్పుడు చెప్పేవాడు. తర్వాత బంగాళదుంపలు చల్లారిపోయేదాకా కబుర్లు. ఏ గూడు ఏ అంచుకి మారింది, ఏ పిల్ల ఎలా అరిచింది, డేగ ఎటు నుంచి వచ్చింది.

2018లో నేను ఆసుపత్రి నుంచి వచ్చి మంచం మీద ఉన్నాను. తల మీద వెంట్రుక లేదు. ఎన్ని? అని పడుకునే అడిగాను. "డెబ్భై ఒకటి. పోయినసారి కంటే ఏడు ఎక్కువ" అన్నాడు. అన్నేళ్లు తగ్గుతూ వచ్చిన లెక్క మొదటిసారి పెరగడం అదే. అవి తిరిగొస్తే నేనూ లేస్తాను అనుకున్నాను. లేచాను.

ఫిబ్రవరి 28

గుడ్మున్ ఫోన్ చేశాడు. పక్షి సంఘానికి అధ్యక్షుడు, ఐవిన్‌తో పాటు బళ్లో పనిచేసినవాడు. రన్వా సంఘానికి రాసిందట. ఇచ్చేయమంటున్నాడు.

అతనికి వేరే తొందర ఉంది. చేపల పెంపకం కంపెనీ వోర్‌హోల్మెన్ పక్కనే వలలు దించడానికి మళ్లీ అర్జీ పెట్టింది. ఏప్రిల్ 20న పురపాలక సమావేశం. కోలుకుంటున్న పక్షుల దీవి అని చెప్పి రెండుసార్లు ఆపగలిగారు. ఈసారి అందరూ చూడగలిగే చోట, ఎప్పటికీ మారని గుర్తింపు నంబరుతో ఆ డేటా ఉంటే ఇక ఎవరూ నోరెత్తరని అతని లెక్క.

"పేరుతో సహా పెట్టు టోరున్. ఈసారి వాడి పేరే ముందుండాలి" అన్నాడు.

సరేనన్నాను.

మార్చి 1

రన్వాకి చెప్పాను. ఐవిన్ నా భర్త అని, లెక్కలు మా ఇంట్లో ఉన్నాయని, మూడు వారాలుగా దాచానని. కోపగించుకుంటుందనుకున్నాను. లేచి వచ్చి నా కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. లైబ్రరీలో అందరూ చూశారు.

మార్చి 4, శనివారం

గది తలుపు తీశాను. పసుపు అట్టల నోటుబుక్కులు, సంవత్సరం వారీగా. మొదటిది 1992. తడిసి ఆరిన కాగితాలు, రెట్ట మరకలు, పెన్సిలు గీతలు. కొండని పదకొండు అంచులుగా విడదీసి, ఒక్కో అంచుకి ఒక్కో అక్షరం. 1,043 గూళ్లు. పక్కన నా గురించి, 'టో. పడవలో వాంతి చేసుకుంది. నాలుగు గంటలు ఓపిక పట్టింది. పెళ్లి చేసుకోవాల్సిన మనిషే.'

ఈ మాట రీడ్‌మీలో పెట్టక్కర్లేదు.

పొద్దుటి నుంచీ టైపు చేస్తూనే ఉన్నాను. తినడం మరిచిపోయి, మధ్యాహ్నం మూడింటికి రొట్టె మీద బ్రౌన్ చీజ్ వేసుకుని నిలబడే తిన్నాను. అక్టోబరు తర్వాత ఇంత బాగున్న రోజు లేదు.

మార్చి 12

2009 దాకా అయింది. 611.

మార్చి 19

2017. 64. పేజీ మీద వాన చుక్కలు పడి పెన్సిలు రాత మసకబారింది. 'K అంచు ఖాళీ. J అంచు ఖాళీ. మూడుసార్లు చూశాను.'

ఇక ఐదే మిగిలాయి. అయిపోతే ఏం చేయాలో తెలియక ఇవాళ్టికి ఆపేశాను.

మార్చి 25, శనివారం

చివరి ఐదేళ్లు. 71, 80, 88, 103, 112.

నోటుబుక్కులు చాలా శుభ్రంగా ఉన్నాయి. కొట్టివేతలు లేవు. ఏటా మూడు రోజులు వెళ్లినట్టు మూడు తేదీలు. వయసు పెరిగేకొద్దీ చేతిరాత కుదురుకుంటుంది కాబోలు. రిటైరయ్యాక తీరిక కూడా దొరికింది కదా.

మార్చి 27, సోమవారం

ఏ డేటా వచ్చినా ఇంకో దానితో పోల్చి చూసుకోమని పరిశోధకులకు నేనే చెబుతాను. ఒడ్డున దీపస్తంభం దగ్గర గాలి కొలిచే కేంద్రం ఉంది. దాని కొలతలు గంటగంటకీ వాతావరణ శాఖవాళ్ల ఓపెన్ డేటాలో ఉంటాయి. పాతికేళ్లకు సరిపోల్చాను. ఐవిన్ గాలి అన్నరోజు గాలి. మంచు అన్నరోజు మంచు. నా మొగుడెంత పద్ధతైన మనిషో అని పొంగిపోతూ కిందికి వచ్చాను.

2020 జూన్ 14. ఐవిన్: 'గాలి లేదు, సముద్రం పళ్లెంలా ఉంది.' కేంద్రం: రోజంతా తుపాను గాలి. ఆ గాలిలో ఓడ్వర్ పడవ కట్టిన తాడు కూడా విప్పడు.

2021లో రెండు రోజులు అంతే. 2022లో ఒకటి.

యంత్రం పాడై ఉండవచ్చు.

మార్చి 28

యంత్రం పాడైంది.

మార్చి 30

యంత్రం పాడవలేదు. కేంద్రానికి ఫోన్ చేసి అడిగాను.

ఏప్రిల్ 2, ఆదివారం

దీవి నుంచి వస్తే ఐవిన్ కోటు కంపు కొట్టేది. చేపలు కుళ్లినట్టు, అమోనియాలా. ఆ పక్షుల రెట్ట వాసన అంత తేలిగ్గా పోదు. ఏటా జూన్‌లో ఆ కోటుని వాకిట్లో తొట్టిలో రెండు రోజులు నానబెట్టేదాన్ని.

చివరి ఏళ్లలో నానబెట్టలేదు. కొత్త కోటు, దానికి వాసన పట్టదు అనుకున్నాను. కోటు పాతదే. మోచేతి దగ్గర నేను వేసిన అతుకు ఉంది. ఇవాళ చూశాను.

నాలుగేళ్లు నా చేతులతో ఆ కోటు తీసి కొక్కేనికి తగిలించాను. ఉప్పు వాసన మాత్రమే వచ్చేది. ఈ ముక్కు బాగానే పనిచేస్తుంది. అన్నేళ్లూ పనిచేసింది.

ఏప్రిల్ 7, గుడ్ ఫ్రైడే

ఓడ్వర్ ఇంటికి వెళ్లాను. సొరంగం అవతల, తీరం చివర. పడవల కొట్టంలో వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూడగానే దేనికొచ్చానో తెలిసిపోయినట్టుంది. వల కింద పెట్టి, తిరగేసిన పెట్టె మీద నన్ను కూర్చోబెట్టాడు.

చివరి ఐదేళ్ల లెక్కల గురించి అడిగాను.

"2018లో వెళ్లాం. నాలుగు గూళ్లు ఉన్నాయి, గుడ్లు లేవు. అంతే" అన్నాడు.

తర్వాత?

"తర్వాత ఏమీ లేవు, టోరున్. 2019 నుంచి ఒక్కటీ లేదు. అయినా ఏటా తీసుకెళ్లమనేవాడు. ఒక్క రోజే. తక్కిన రోజులు ఎటు పోయేవాడో నాకు తెలియదు, కారులో కూర్చునేవాడేమో. దీవి మీద రాతి మీద కూర్చునేవాడు. నియమం ప్రకారం రెండు గంటలు చూడాలట, చూసేవాడు. ఖాళీ కొండని రెండు గంటలు. నేను పడవలోనే ఉండేవాణ్ణి. ఆ నిశ్శబ్దం నాకు పడదు."

మరి ఆ లెక్కలు ఎందుకు రాశాడని అడిగాను. ఓడ్వర్ తన చేతుల వంక చూసుకున్నాడు.

"ఆ మొదటి ఏడు పుస్తకం తీశాడు, పెన్సిలు తీశాడు, రాయలేదు. టోరున్ మంచం మీద ఉంది, దాన్ని చూడ్డానికే భయంగా ఉంది, ఇంటికెళ్లగానే ఎన్ని అని అడుగుతుంది, నాలుగు అని ఎలా చెప్పను అన్నాడు. ఈ ఒక్కసారికి ఏదో ఒకటి చెప్పరా అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే. వచ్చే ఏడు సరిచేసుకుందువులే అన్నాను. వచ్చే ఏడు నువ్వు లేచి తిరుగుతున్నావు, జుట్టు వచ్చింది. మరి డెబ్భై ఒకటి చెప్పాక సున్న ఎలా చెబుతాడు?"

అతని భార్య బ్యోర్గ్ ఇంట్లోంచి కాఫీకి పిలిచింది. వెళ్లలేదు. కారు దాకా ఓడ్వర్ వచ్చాడు. అతని పడవలో ఒక పుస్తకం ఉందట. ఏ రోజు ఎవర్ని ఎక్కడికి తీసుకెళ్లాడో రాసేది. కావాలంటే ఇస్తానన్నాడు. తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అప్పుడు తెలియదు.

ఏప్రిల్ 8

ఏమీ రాయను.

ఏప్రిల్ 9, ఈస్టర్

80 చెప్పిన రోజు నేను క్లౌడ్‌బెర్రీ పళ్లు ఫ్రీజర్లోంచి తీసి క్రీమ్‌తో పెట్టాను. పండగ చేసుకుందాం అన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. నా ఎదురుగా కూర్చుని తిన్నాడు.

ఏప్రిల్ 12, బుధవారం

తేలికైన దారి ఒకటుంది. 2017తో ఆపేసి, ఇరవై ఆరేళ్ల లెక్క అని పెట్టేయడం. తర్వాతి పుస్తకాలు దొరకలేదని చెప్పడం. ఎవరూ అడగరు. ఐవిన్ పేరు మాసిపోదు.

కానీ గుడ్మున్ పత్రికలో ఆ ఐదు సంఖ్యలూ అచ్చయి ఉన్నాయి. రన్వా దగ్గర ఉన్నాయి. గూళ్లు పెరగడానికి కారణం వెతుకుతూ ఆమె నెల రోజులుగా చేపల వేట లెక్కలన్నీ తిరగేస్తోంది. ఆ రిపాజిటరీ ఎక్కడుందో చూపించింది నేనే.

ఏప్రిల్ 14, శుక్రవారం

గుడ్మున్‌కి చెప్పాను. వాళ్లింటికే వెళ్లి చెప్పాను. కూర్చోమనడం కూడా మరిచిపోయాడు. మొదట నమ్మలేదు. పడవ పుస్తకం చూపించాను. తిరగేసి మూసి నా చేతిలో పెట్టాడు.

"సమావేశం ఇంకో ఆరు రోజుల్లో ఉంది. ఈ ఆరు రోజులు నోరు మూసుకోలేవా?" అన్నాడు.

పక్షులు లేవు గుడ్మున్, దేన్ని కాపాడతావు అన్నాను.

"ఇప్పుడు లేవు. వలలు దింపాక ఇక ఎప్పటికీ ఉండవు. వాడికి ఆ సంగతి తెలుసు. వాడు నీకోసమే రాశాడనుకుంటున్నావా? ఆ దీవి కోసం రాశాడు. నువ్వు వెళ్లి వాణ్ణి అబద్ధాలకోరు అని లోకానికి చాటు."

రెండూ నిజమేనేమో. నాకోసం మొదలుపెట్టి దీవి కోసం కొనసాగించాడేమో. అడగడానికి మనిషి లేడు. నాకు మిగిలింది ఊహ.

ఏప్రిల్ 17, సోమవారం

రన్వాకి చెప్పాను. లైబ్రరీ వెనక చిన్న గదిలో, తలుపు వేసి. ఐదు సంఖ్యలూ నిజం కాదని, నీ నెల రోజుల పని వృథా అయిందని, తప్పంతా మా ఇంటిదని.

ఆమె లాప్‌టాప్ మూసేసింది. ముఖం పాలిపోయింది. నా బిడ్డ అయితే ఒడిలోకి తీసుకునేదాన్ని. నాకు బిడ్డల్లేరు.

"ఏ ఏడు నుంచి లేవండీ?" అని అడిగింది.

2018లో నాలుగు, ఆ తర్వాత ఏమీ లేవు అన్నాను.

"తేదీలు తెలుసా?"

పడవ పుస్తకంలో ఉన్నాయన్నాను. ఏటా రెండు గంటలు కూర్చునేవాడని ఓడ్వర్ అన్న మాట కూడా చెప్పాను.

అప్పుడు చెప్పింది. నెమ్మదిగా, నాకు పాఠం చెబుతున్నట్టు. "సున్నలు ఎవరూ పంపరు టోరున్ గారూ. పక్షులు పోతే లెక్కపెట్టేవాళ్లు కూడా మానేస్తారు. మీరు చూపించిన రిపాజిటరీలన్నిటిలో చూశాను. ఏ దీవి చూసినా ముప్ఫై, పన్నెండు, ఐదు, ఆ తర్వాత ఖాళీ గడి. పోయాయో, చూడటం మానేశారో తెలియదు. ఖాళీ గడితో నేను ఏమీ చేయలేను. మీ ఆయన వెళ్లారు. పక్షులు లేవని తెలిసి కూడా నాలుగేళ్లు వెళ్లి రెండేసి గంటలు కూర్చున్నారు. ఇంకెవ్వరూ అలా కూర్చోలేదు."

ఒక్క మాట కూడా నన్ను ఓదార్చడానికి అనలేదు. అందుకే ఏడుపు వచ్చింది.

ఏప్రిల్ 18, మంగళవారం

అప్‌లోడ్ చేశాను. రీడ్‌మీ పొద్దుటి నుంచి పదిసార్లు రాశాను. ఆఖరికి ఇలా పెట్టాను:

'1992 నుంచి 2017 వరకు గూళ్ల లెక్క ఐవిన్ మీర్లాన్ స్వయంగా చేసినది. 2018 నుంచి 2022 వరకు అతని నోటుబుక్కుల్లో, పత్రికలో ఉన్న సంఖ్యలు లెక్కలు కావు, అతను కల్పించినవి. వాటిని వాడవద్దు. ఆ ఐదేళ్లకు ఇక్కడ ఇచ్చినవి పడవ నడిపిన వ్యక్తి చెప్పినవి, తేదీలు అతని పడవ పుస్తకం నుంచి. సరిచేసినది భార్య.'

'కల్పించినవి' అన్న మాట తీసేశాను. మళ్లీ పెట్టాను.

పట్టికలో ఆఖరి ఐదు గడులు. 4. తర్వాత నాలుగు సున్నలు, ఒకటొకటిగా కొట్టాను. ఒకటి కొట్టి కిందికి లాగితే కంప్యూటరే నింపేస్తుంది. అలా చేయలేదు.

మొదటి పేరు అతనిదే ఉంది. గుడ్మున్ అడిగినట్టే.

ఏప్రిల్ 20

వలలకి అనుమతి ఇచ్చేశారు. సమావేశంలో గుడ్మున్ లేచి, తమ సంఘం ఇచ్చిన పాత సంఖ్యలను ఉపసంహరించుకుంటున్నామని చెప్పాడట. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదట. అతను చెప్పకపోయినా నేను చెప్పేదాన్నని అతనికి తెలుసు.

మే 17, బుధవారం

జాతీయ దినం. బళ్ల పిల్లలు జెండాలతో ఊరేగింపు. మందుల షాపు మీద క్రిక్యెలు గూళ్లు కట్టాయి. దీవులు వదిలి ఊళ్లోకి వచ్చేస్తున్నాయి, కిటికీల అంచుల్లోకి. షాపువాళ్లు వల కట్టించారు, వల పైన కట్టుకున్నాయి. బ్యాండు మేళాన్ని మించి అరుస్తున్నాయి. కింద నిలబడి చూశాను. ఇరవై రెండు. వోర్‌హోల్మెన్‌వో కాదో ఎవరికి తెలుసు.

గుడ్మున్ తన మనవరాలి చెయ్యి పట్టుకుని నా ముందు నుంచే వెళ్లాడు. ఆ పిల్ల నాకు చెయ్యి ఊపింది. అతను ఊపలేదు.

ఇంటికి వచ్చి ఐవిన్ మీద అరిచాను. మొదటిసారి. వంటింట్లో, అతని కుర్చీతో. నాతో ఎందుకు చెప్పలేదు, నాలుగేళ్లు ఆ ఖాళీ కొండ ముందు ఒక్కడివే ఎందుకు కూర్చున్నావు, ఇద్దరం కూర్చునేవాళ్లం కదా, నేను లేచి తిరుగుతూనే ఉన్నాను కదా అని. నన్నంత బలహీనురాలిని చేసి పెట్టుకున్నాడు. నేనూ అలాగే ఉండిపోయాను. ఎన్ని? అని మాత్రం అడిగాను. ఇంకేదీ అడగలేదు.

మే 18

గొంతు పోయింది. ఇవాళా సెలవే కావడం మేలైంది.

జూన్ 14, బుధవారం

రన్వా, నేను వెళ్లొచ్చాం. ఆమెకి ఈ ఏడు లెక్క కావాలి. చేయడానికి ఇంకెవరూ లేరు.

ఓడ్వర్ పడవ. దారిలో కంపెనీవాళ్లు హద్దుకి వేసే, నీటి మీద తేలే పసుపు బోయాలు అప్పుడే దించి ఉన్నాయి. ఈసారి నాకు వాంతి కాలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత దీవి మీద కాలు పెట్టాను. అప్పట్లో మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చేది. ఇవాళ రన్వా నీళ్ల సీసా మూత తిప్పితే వినిపించింది.

కొండ రెట్టతో తెల్లగా ఉండేది. వాన కడిగేసింది, ఇప్పుడు నల్లగా ఉంది. అంచుల మీద ఎండిన పాచి ముద్దలు నాలుగైదు మిగిలాయి, పాత గూళ్ల అడుగులు.

రెండు గంటలు కూర్చున్నాం. A అంచు నుంచి K అంచు దాకా ఆమె అడుగుతుంటే నేను చెప్పాను. లేదు. లేదు. పదకొండుసార్లు. ప్రతిదీ నిజంగానే చూసి చెప్పాను. రెండు గంటలంటే ఎంతసేపో కూర్చుంటేనే తెలుస్తుంది. మొదటి అరగంట వెతుకుతాం. తర్వాత వెతకడానికి ఏమీ ఉండదు. అయినా లేవకూడదు. నాలుగేళ్లు.

పుస్తకంలో నేనే రాశాను. తేదీ, గాలి, 0, సంతకం.

తిరిగి వచ్చేసరికి బ్యోర్గ్ వాఫెల్స్ చేసి ఉంచింది. శీతాకాలం నుంచి ఆమెకి చూపు దాదాపు పోయింది. బల్ల అంచు తడుముకుంటూ నా పక్కకి వచ్చి, కప్పులో కాఫీ సరిగ్గా పడుతోందా అని వేలు పెట్టి చూసుకుంటూ పోసింది. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది.

"వెళ్లొచ్చారుగా. పక్షులు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగింది.

ఆ ముఖం నా వైపు ఎత్తి ఉంది. ఆ కళ్లు నా గొంతు కోసం ఎదురుచూస్తున్నాయి. ఓడ్వర్ కప్పు వంక చూస్తున్నాడు, ఆమెకి ఇన్నాళ్లూ ఏమీ చెప్పలేదని అర్థమైంది. రన్వా నా వంక చూస్తోంది. పుస్తకం నా చేతిసంచిలోనే ఉంది.

"ఉన్నాయి. కొన్ని" అన్నాను.

"అమ్మయ్య" అని, ఆమె నా పళ్లెంలో ఇంకో వాఫెల్ వేసింది.

కారు సొరంగం లోపలికి వచ్చాక రన్వా నా చెయ్యి పట్టుకుంది. బయటికి వచ్చేదాకా వదల్లేదు. మే నెలలో ఐవిన్ మీద వచ్చిన కోపం కోసం లోపల వెతికాను. అది ఉంటే కాస్త ఆసరాగా ఉండేది. ఎక్కడా దొరకలేదు. అతను లేకపోవడం ఒక్కటే దొరికింది.

జూన్ 15

సున్న అప్‌లోడ్ చేశాను.